మండే ఇంట్లోకి వెళ్ళేవారి లెక్కలు

ఒక వేసవి మధ్యాహ్నం. మా కుందుర్పిలో కొండ మీది నుండి వేడిగాలి విసరికొడుతోంది. ఊరి చివర ఒక రైతు కొట్టం పక్కనున్న వేరుశనగ కట్టె వాముకు నిప్పంటుకుంది. ఊరంతా బిందెలు పట్టుకుని పరుగెత్తాము. వాము మీది నిప్పురవ్వలు గాలికి లేచి కొట్టం కప్పు మీద పడ్డాయి. ఆ రైతు లోపలికి వెళ్ళి కట్టు విప్పి దూడను బయటికి తోలాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాము. అంతలో ఆయన మళ్ళీ లోపలికి పోబోయాడు. "ట్రంకుపెట్టెలో పాసుపుస్తకం ఉంది!" అంటున్నాడు. ఇద్దరు మనుషులు ఆయనను గట్టిగా పట్టుకుని ఆపారు. ఆయన పెనుగులాడుతుండగానే కప్పు దూలం విరిగి లోపలికి కూలింది.

మరునాడు తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి లేచి అడిగాడు: "సార్, నిన్న ఆయనను లోపలికి పోనీయకుండా ఆపినారు గదా! మరి ఫైర్‌మన్‌లు ఎట్లా పోతారు? వాళ్ళకు భయం ఉండదా?"

చాలా మంచి ప్రశ్న. మీకూ ఈ సందేహం ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. దీనికి జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చు. వాళ్ళకూ భయం ఉంటుంది. కాని వాళ్ళు ఆ భయాన్ని నియమాలుగా మార్చుకున్నారు. ఆ నియమాలన్నింటి వెనుకా మీ సామాన్యశాస్త్రం పుస్తకంలోని పాఠాలే ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి చూద్దాం.

ముందు చంపేది ఏది?

కాలుతున్న ఇంట్లో మనిషిని ముందుగా చంపేది ఏది? "మంట" అని మీరు వెంటనే జవాబు చెబుతారు. కాని చాలా ప్రమాదాలలో మంట మనిషిని చేరకముందే పొగ చేరుతుంది.

2025 మే 18, ఆదివారం. హైదరాబాదులో చార్మినార్‌కు దగ్గరగా ఉన్న గుల్జార్ హౌజ్ వద్ద ఒక పాత ఇంట్లో తెల్లవారుజామున నిప్పు పుట్టింది. కింద దుకాణాలు, పైన నివాసం. లోపలికీ బయటికీ ఒకటే ఇరుకు దారి. 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది చిన్నపిల్లలు. అంతకు రెండేళ్ళ ముందు, 2023 మార్చి 16 సాయంత్రం, సికింద్రాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్సులో నిప్పంటుకుంది. అయిదో అంతస్తులో చిక్కుకున్న ఆరుగురు యువతీ యువకులు ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు చోట్లా ప్రాణాలు తీయడంలో మంట కన్నా పొగదే పెద్ద చేయి.

పొగలో ఏముంది? మసి ఉంది, వేడి ఉంది. వీటితోపాటు కంటికి కనపడనిది, ముక్కుకు తెలియనిది ఒకటి ఉంది. అదే కార్బన్ మోనాక్సైడు. గాలి చాలినంత ఉన్నప్పుడు కర్రగాని గుడ్డగాని మండితే ఎక్కువగా కార్బన్ డైఆక్సైడు వస్తుంది. మూసి ఉన్న గదిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. అప్పుడు దహనం సగంలోనే ఆగి కార్బన్ మోనాక్సైడు ఎక్కువగా పుడుతుంది.

మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఊపిరితిత్తుల నుండి ఆక్సిజన్‌ను మోసుకుపోతుందని మీకు తెలుసు. ఈ హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ మీద కంటే కార్బన్ మోనాక్సైడు మీద 200 రెట్లకు పైగా మక్కువ ఎక్కువ. ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఆ గాలిలో కార్బన్ మోనాక్సైడు 0.1 శాతం ఉందనుకోండి. 21ని 0.1తో భాగిస్తే 210 వస్తుంది. అంటే ఆక్సిజన్ 210 వంతులుంటే ఈ విషవాయువు ఒక్క వంతే. అయినా మక్కువ 200 రెట్లకు పైగా ఉంది కాబట్టి ఇద్దరూ సమానమైన పోటీదారులే! అటువంటి గాలిని చాలాసేపు పీలిస్తే రక్తంలోని హిమోగ్లోబిన్‌లో సుమారు సగం ఆ విషవాయువు చేతికి పోతుంది. మండే గదిలోని పొగలో ఇది 1 శాతాన్ని కూడా దాటవచ్చు. అప్పుడు గంటలు అక్కరలేదు, నిమిషాలు చాలు.

స్కాట్లండుకు చెందిన జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1895లో ఈ వాయువును తానే పీల్చి దాని ప్రభావాన్ని రాసుకున్నాడు. సరిగా నడవలేని స్థితి వచ్చేవరకు ప్రయోగం సాగించాడు. ఈ విషంలోని మోసం ఏమంటే, అపాయం తెలిసేసరికి కాళ్ళూ తెలివీ రెండూ మన మాట వినడం మానేస్తాయి.

ఇక్కడి నుండే మొదటి నియమం పుట్టింది. శ్వాస పరికరం లేకుండా పొగలోకి అడుగు పెట్టరాదు. బయటికి వచ్చేదాకా ముఖం మీది తొడుగు తీయరాదు. మంట ఆరిపోయి పొగ పలచబడిన తరువాత కూడా ఈ నియమం మారదు. పొగ పలచబడినట్లు కన్ను చెబుతుంది గాని, కార్బన్ మోనాక్సైడు ఉందో లేదో చెప్పలేదు.

రెండు కొవ్వొత్తుల ప్రయోగం

మీ సైన్సు టీచరుగారి సమక్షంలో ఈ ప్రయోగం చేయండి. ఒక పళ్ళెంలో ఇసుక పోసి, ఒక పొడుగు కొవ్వొత్తిని, ఒక పొట్టి కొవ్వొత్తిని పక్కపక్కనే నిలబెట్టి వెలిగించండి. రెండింటి మీదా ఒక పెద్ద గాజు జాడీని బోర్లించండి. ఏది ముందు ఆరిపోతుంది?

కార్బన్ డైఆక్సైడు గాలి కన్నా బరువు కాబట్టి కిందికి దిగి పొట్టి కొవ్వొత్తిని ముందు ఆర్పుతుందని చాలామంది అనుకుంటారు. చేసి చూస్తే పొడుగుదే ముందు ఆరిపోతుంది. కారణం వేడి. మంట నుండి వచ్చే వాయువులు వేడెక్కి వ్యాకోచించి తేలికవుతాయి. అవి పైకి పోయి జాడీ పైభాగంలో గుమిగూడి, అక్కడి నుండి కిందికి నిండుతూ వస్తాయి.

మండే గది అంటే అటువంటి జాడీయే. నిలబడిన మనిషి పొడుగు కొవ్వొత్తి, పాకే మనిషి పొట్టి కొవ్వొత్తి. పైకప్పు దగ్గర వేడి కొన్ని వందల డిగ్రీల సెంటీగ్రేడు ఉన్నప్పుడు కూడా నేల దగ్గర మనిషి తట్టుకోగల స్థితి కొంతసేపు ఉంటుంది. అందువల్లనే అగ్నిమాపక సిబ్బంది లోపల మోకాళ్ళ మీద వంగి, పాకుతూ పోతారు. చుట్టూ ఏమైనా కనబడితే అది కూడా నేల దగ్గరనే.

వీపు మీద మోసే గాలి

వాళ్ళ వీపు మీది సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. సాధారణంగా వాడే పరికరంలో ఉండేది మామూలు గాలే. శుభ్రమైన గాలిని గట్టిగా కుక్కి నింపుతారు. నిప్పు దగ్గరికి శుద్ధమైన ఆక్సిజన్‌ను తీసుకుపోతే ఏమవుతుందో, పరీక్షనాళికలో ఆక్సిజన్ పట్టి మెరిసే పుల్ల పెట్టినప్పుడు మీరు చూసే ఉంటారు.

6 లీటర్ల సిలిండరులో 300 బార్‌ల పీడనంతో గాలి నింపారనుకోండి. ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనమంత. బాయిల్ నియమం ప్రకారం ఆ గాలి బయటికి వస్తే 6 × 300, అంటే 1800 లీటర్లు అవుతుంది. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి 6 నుండి 8 లీటర్ల గాలి చాలు. బరువు మోస్తూ, వేడిలో పాకుతూ, గొట్టం లాగే మనిషికి నిమిషానికి 40 లీటర్లు, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువే కావాలి. 1800ని 40తో భాగిస్తే 45 నిమిషాలు.

అయితే లోపల 45 నిమిషాలు పని చేయవచ్చునా? తొందరపడకండి! ఇక్కడే అసలు లెక్క ఉంది. గాలి పీడనం సుమారు 50 బార్‌లకు పడిపోయేసరికి పరికరంలోని ఈల మోగుతుంది. ఆ మిగిలిన గాలి ఆపద కోసం దాచింది, పని కోసం కాదు. మండుతున్న చోటికి చేరడానికి 100 బార్‌ల గాలి ఖర్చయిందనుకుందాం. తిరిగి రావడానికి మరో 100 కావాలి. ఆపద కోసం 50 పక్కన పెట్టాలి. 300లో ఈ 250 పోతే పనికి మిగిలింది 50 బార్‌లే. 50ని 6తో గుణిస్తే 300 లీటర్లు. నిమిషానికి 40 చొప్పున ఏడున్నర నిమిషాలు!

చూశారా? 45 నిమిషాల గాలి మోసుకుపోయిన మనిషికి పని చేయడానికి దొరికింది ఏడున్నర నిమిషాలు. అందుకే ఈ నియమం: ఈల మోగినాక బయలుదేరడం కాదు, ఈల మోగేసరికి బయట ఉండాలి. జంటలో ఎవరి గాలి తక్కువగా ఉందో వారి గాలినే ఇద్దరికీ లెక్కగా పెట్టుకుంటారు.

పేరు రాసిన పలక

ఆ గాలి ముళ్ళును లోపలివాళ్ళు ఎప్పటికప్పుడు చూసుకుంటూనే ఉంటారు. కాని పనిలో మునిగిన మనిషి కాలాన్ని మరచిపోతాడు. పరీక్ష హాలులో మీకు జరిగినట్లే. కాబట్టి బయట ఒకరు గడియారం పట్టుకుని ఉండాలి. ఈ సంగతి ప్రపంచానికి చాలా బాధాకరంగా తెలిసింది.

1958 జనవరి 23న లండను నగరంలోని స్మిత్‌ఫీల్డ్ మాంసపు మార్కెట్టు కింద నేలమాళిగలో నిప్పు పుట్టింది. అక్కడి దారులు పద్మవ్యూహంలా ఉండేవి. శ్వాస పరికరాలు ధరించి లోపలికి వెళ్ళిన ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది పొగలో దారి తప్పి తిరిగి రాలేదు. ఆ తరువాత బ్రిటన్ అంతటా ఒక పద్ధతి స్థిరపడింది. లోపలికి వెళ్ళే ప్రతి ఒక్కరూ తమ పేరున్న బిళ్ళను బయట ఒకరికి అప్పగించాలి. ఆయన ఆ బిళ్ళను ఒక పలక మీద తగిలించి, లోపలికి వెళ్ళిన సమయం, సిలిండరులోని గాలి పీడనం, బయటికి రావలసిన సమయం రాసుకుంటాడు. ఆ సమయానికి మనిషి రాకపోతే వెదకడానికి మరో జంట సిద్ధంగా ఉంటుంది.

అమెరికాలో 1998 నుండి అమలులో ఉన్న నిబంధన కూడా ఇటువంటిదే. పొగ నిండిన చోటికి కనీసం ఇద్దరు కలిసి వెళ్ళాలి. వారికోసం కనీసం ఇద్దరు అన్ని పరికరాలతో బయట నిలబడి ఉండాలి. "లోపల ఇద్దరు, బయట ఇద్దరు" అని గుర్తు పెట్టుకోండి. లోపల చిక్కుకున్న మనిషిని చూస్తూ బయట ఒంటరిగా నిలబడిన ఫైర్‌మన్‌కు ఆ ఎదురుచూపు ఎంత కష్టమో ఊహించండి. కాని ఒంటరిగా వెళ్ళి పడిపోతే, తరువాత వచ్చేవారు వెతకవలసినది ఒకరిని కాదు, ఇద్దరిని.

కళ్ళు లేని నడక

దట్టమైన పొగలో దీపం కూడా అక్కరకు రాదు. చాచిన చేయి తనకే కనబడదు. అటువంటప్పుడు దారి ఎట్లా తెలుస్తుంది? ఒక చేతిని గోడకు ఆనించి పోతారు. కుడి చేయి ఆనించి పోతే గది చుట్టూ తిరిగి మళ్ళీ అదే తలుపు దగ్గరికి వస్తారు. వెనుదిరగవలసి వస్తే ఎడమ చేయి అదే గోడకు ఆనుతుంది. తాము లాక్కొచ్చిన నీళ్ళ గొట్టమే తిరిగి బయటికి తీసుకుపోయే బాట. జంటలో ఒకరినొకరు వదలరు. గొంతుతోనో, తాడుతోనో, చేతి స్పర్శతోనో కలిసే ఉంటారు.

ఇంకొక చిత్రమైన నియమం ఉంది. ముందుకు చాచిన చేతిని అరచేయి ముందుకు పెట్టి చాచరు. చేతి వెనుక భాగాన్ని ముందు పెడతారు. ఎందుకో చెప్పగలరా? తెగిన కరెంటు తీగ తగిలితే విద్యుత్తు మన కండరాలను సంకోచింపజేస్తుంది. అరచేయి తగిలితే వేళ్ళు ముడుచుకుని తీగను గట్టిగా పట్టుకుంటాయి. చేతి వెనుక భాగం తగిలితే అదే సంకోచం చేతిని తీగ నుండి దూరంగా లాగుతుంది. ఒకే కండరం, ఒకే కరెంటు. చేయి తిప్పినందువల్ల ప్రాణం దక్కుతుంది.

తలుపు వెనుక ఏముంది?

మూసి ఉన్న తలుపును వెంటనే తెరవరు. ముందు దాన్ని చేతి వెనుక భాగంతో తాకి, ఏ ఎత్తు వరకు వేడిగా ఉందో చూస్తారు. తలుపు సందుల నుండి వచ్చే పొగను గమనిస్తారు. పొగ బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి పీల్చుకుంటున్నట్లు, అంటే ఇల్లు ఊపిరి తీస్తున్నట్లు కనబడితే అది పెద్ద హెచ్చరిక.

ఆ గదిలో ఇంధనం ఉంది, వేడి ఉంది. లేనిది ఆక్సిజన్ ఒక్కటే. మంట చచ్చినట్లు పడి ఉంది గాని చావలేదు. తలుపు తెరిస్తే బయటి గాలి లోపలికి దూసుకుపోతుంది. కాలకుండా మిగిలిన వేడి వాయువులన్నీ ఒక్కసారిగా భగ్గుమని తలుపు వైపుకే పేలినట్లు వస్తాయి. దీన్ని బ్యాక్‌డ్రాఫ్ట్ అంటారు. అందువల్ల తలుపుకు ఎదురుగా నిలబడరు. పక్కకు ఒదిగి, నీళ్ళ గొట్టం సిద్ధంగా పెట్టుకుని, కొద్దికొద్దిగా తెరుస్తారు.

మరొక ప్రమాదం ఫ్లాష్‌ఓవర్. గదిలో ఒక మూల మంట మండుతుంటే పైకప్పు కింద చేరిన వేడి పొగ కింది వస్తువులన్నింటి మీదకు ఉష్ణాన్ని వికిరణం చేస్తుంది. ఆ పొగ పొర వేడి సుమారు 600 డిగ్రీలకు చేరేసరికి గదిలోని మంచం, బట్టలు, బల్ల అన్నీ దాదాపు ఒకేసారి అంటుకుంటాయి. రక్షణ దుస్తులు తొడుక్కున్నవారు కూడా ఆ గదిలో కొన్ని సెకన్లకు మించి బ్రతకడం కష్టం. దూది, కర్ర సామానులతో నింపిన గది ఈ స్థితికి రావడానికి దాదాపు అరగంట పడితే, నురగ పరుపులు, ప్లాస్టిక్ సామానులతో నింపిన గది అయిదు నిమిషాలలోపే వస్తుందని అమెరికాలో జరిపిన ప్రయోగాలు చూపాయి. మన ఇళ్ళలో ఏ సామానులు పెరుగుతున్నాయో మీరే చూసుకోండి.

ఒక బిందె నీళ్ళు

"నీళ్ళు కొడితే సరిపోతుంది గదా!" అంటారేమో. నీటి సంగతి మన కరువు సీమవాళ్ళకు ఒకరు చెప్పాలా! కాని ఇక్కడ నీటిది మరో గుణం చూడండి.

30 డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు తేవడానికి గ్రాముకు 70 కేలరీలు కావాలి. ఆ నీరు ఆవిరిగా మారడానికి మరో 540 కేలరీలు కావాలి. బాష్పీభవన గుప్తోష్ణం అంటే ఇదే. నీరు ఇంత ఉష్ణాన్ని మింగుతుంది కాబట్టే అది నిప్పుకు శత్రువు. కాని ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 1700 లీటర్లవుతుంది. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు గల గది ఘనపరిమాణం 27 ఘనపు మీటర్లు, అంటే 27,000 లీటర్లు. 27,000ని 1700తో భాగించండి. సుమారు 16. అంటే సుమారు ఒక బిందె నీళ్ళు ఆవిరైతే చాలు, గదంతా ఆవిరితో నిండిపోతుంది!

అగ్నిమాపక గొట్టం నుండి అన్ని నీళ్ళు రెండు మూడు సెకన్లలో వస్తాయి. పొగ బయటికి పోయే దారి లేకుండా నీళ్ళు కుమ్మరిస్తే ఆ ఆవిరి లోపలివాళ్ళ మీదికే తిరుగుతుంది. చిక్కుకున్నవారినీ, రక్షించడానికి వచ్చినవారినీ ఉడికిస్తుంది. కాబట్టి పైకప్పు కింది పొగ మీద కొద్దికొద్దిగా, తుంపరగా, ఆపి ఆపి కొడతారు. ఆవిరి బయటికి పోవడానికి కిటికీనో కప్పునో ఎప్పుడు తెరవాలో బయటి అధికారి చెబుతాడు. తమకు తోచినప్పుడు ఎవరూ తెరవరు. తప్పు సమయంలో తెరిచిన కిటికీ నిప్పుకు ఊపిరి పోస్తుంది.

లోపలికి వెళ్ళకపోవడం

ఇప్పుడు అన్నింటికన్నా కఠినమైన నియమం దగ్గరికి వచ్చాము. అది లోపలికి వెళ్ళరాదని నిర్ణయించడం.

కట్టడం కూడా వేడికి అలసిపోతుంది. 600 డిగ్రీల దగ్గర ఉక్కు బలంలో దాదాపు సగం పోతుంది. అంతకన్నా ముందే అది సాగుతుంది. ఉక్కు దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీకి 0.000012. పది మీటర్ల ఉక్కు దూలం 500 డిగ్రీలు వేడెక్కితే 10 × 0.000012 × 500, అంటే 0.06 మీటరు, ఆరు సెంటీమీటర్లు సాగుతుంది. ఆ ఆరు సెంటీమీటర్లు గోడను బయటికి తోయడానికి చాలు.

2023 జనవరి 19న సికింద్రాబాదు రాంగోపాల్‌పేట ప్రాంతంలో ఒక బహుళ అంతస్తుల వ్యాపార భవనం తగలబడింది. సామాను కిక్కిరిసి ఉన్న ఆ భవనంలో మంటలు గంటల తరబడి ఆరలేదు. పొగ పీల్చి అగ్నిమాపక సిబ్బందిలోనే కొందరు అస్వస్థులయ్యారు. ముగ్గురు కార్మికులు లోపల చిక్కుకున్నారని అందరికీ తెలుసు. అయినా ఆ వేడిలో, బలహీనపడిన శ్లాబుల కిందికి మనుషులను పంపడం సాధ్యం కాలేదు. లోపల ఏముందో చూడడానికి డ్రోన్‌ను పంపారు. తరువాత ఆ భవనాన్ని కూల్చివేశారు.

బయట నిలబడి చూసేవారికి ఇది పిరికితనంగా కనబడవచ్చు. కాని ఫైర్‌మన్‌లు ఒక కొలత పెట్టుకుని ఆలోచిస్తారు. కాపాడగల ప్రాణం ఉంటే పెద్ద ప్రమాదాన్ని కూడా తెలిసి మీద వేసుకుంటారు. ఆస్తి మాత్రమే ఉంటే చిన్న ప్రమాదానికి మాత్రమే సిద్ధపడతారు. ప్రాణమూ ఆస్తీ రెండూ అప్పటికే పోయి ఉంటే ఒక్క అడుగు కూడా లోపల పెట్టరు. బయటికి రమ్మని అధికారి విజిల్ ఊదితే, చేతిలోని పని సగంలో ఉన్నా, ఎందుకని అడగకుండా వచ్చేస్తారు. గోడ వాలడం బయటివారికి కనబడుతుంది, లోపలివారికి కనబడదు.

ఇక మన సంగతి

అగ్నిమాపక కేంద్రం మాకు కళ్యాణదుర్గంలో ఉంది. కుందుర్పి నుండి ముప్ఫై కిలోమీటర్లకు పైనే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో బయలుదేరినా అరగంట దాటుతుంది. ఫ్లాష్‌ఓవర్‌కు అయిదు నిమిషాలు చాలునని ఇప్పుడే చదివారు. అంటే నిప్పు పుట్టిన మొదటి అరగంట మనం మనమీదనే ఆధారపడాలి. పరికరాలు లేని మనం ఫైర్‌మన్‌లు కాలేము. కాని వాళ్ళ నియమాలలో మనకు పనికి వచ్చేవి ఉన్నాయి.

మొదటిది: పొగ వాసన రాగానే ఇంట్లోవాళ్ళనందరినీ లేపి బయటికి నడవండి. పొగ ఉంటే పాకండి. పాకడం మీకు కొంత సమయం ఇస్తుంది, అంతే. ఆగిపోకండి.

రెండవది: వీలయితే తలుపు మూసి రండి. మూసిన తలుపు నిప్పుకు గాలిని, పొగకు దారిని తగ్గిస్తుంది.

మూడవది: అందరూ ఒకేచోట, ముందుగా అనుకున్న వేపచెట్టు కిందనో అరుగు దగ్గరనో చేరి, తలలు లెక్కపెట్టండి. మీ పేర్ల పలక అదే. 101కు గాని 112కు గాని ఫోను చేయండి. ఫైరింజను రాగానే "లోపల ఫలానా గదిలో ఒకరున్నారు" అనో, "అందరం బయటే ఉన్నాము" అనో చెప్పండి. ఆ ఒక్క మాట ఫైర్‌మన్‌ల ప్రాణాలను కూడా కాపాడుతుంది. అందరూ బయట ఉన్నారని తెలియక, లేని మనిషిని వెదుకుతూ లోపలికి పోవలసిన పని వారికి తప్పుతుంది.

నాలుగవది: బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తకండి. ఆగండి, నేల మీద పడుకోండి, ముఖాన్ని చేతులతో కప్పుకుని దొర్లండి.

అయిదవది అన్నింటికన్నా ముఖ్యం: ఒకసారి బయటికి వచ్చాక దేనికోసమూ తిరిగి లోపలికి వెళ్ళకండి. పుస్తకాల సంచి కోసం వద్దు, డబ్బు కోసం వద్దు, పాసుపుస్తకం కోసం అసలే వద్దు. పాసుపుస్తకానికి నకలు తీసుకోవచ్చు.

ఒక ఇంటిపని కూడా ఇస్తున్నాను. ఈ సాయంత్రం అమ్మానాన్నలను దగ్గర ఉంచుకుని, కళ్ళకు గుడ్డ కట్టుకుని, మీరు పడుకునే చోటి నుండి గోడ పట్టుకుని, పాకుతూ వీధి గుమ్మం దాకా రండి. ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. దారిలో ఏ డబ్బా అడ్డం వచ్చిందో, ఏ గొళ్ళెం చేతికి అందలేదో రాసుకుని, మరునాడే సరిచేయండి. రెండో దారి ఏదైనా ఉందేమో వెతకండి. వేరుశనగ కట్టె వాము ఇంటికి ఎంత దూరంలో ఉందో, దాని మీదుగా కరెంటు తీగలు పోతున్నాయేమో కూడా చూడండి.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి, మందుగుండు సామాను నింపుకున్న ఫోర్ట్ స్టికిన్ అనే ఓడకు నిప్పంటుకుని పేలిపోయింది. ఆ మంటలు ఆర్పడానికి వెళ్ళిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించారు. వారి జ్ఞాపకార్థమే మన దేశంలో ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవం జరుపుతారు. ఈ వారోత్సవానికి మీ పాఠశాలకు అగ్నిమాపక సిబ్బంది వస్తే వారి వీపు మీది సిలిండరును చూపించమనండి. అందులో ఎన్ని లీటర్ల గాలి ఉంటుందో, తిరుగు ప్రయాణానికి ఎంత మిగుల్చుకుంటారో అడగండి.

ఆనాడు నన్ను ప్రశ్న అడిగిన అబ్బాయికి నేను చివరగా చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను. ఆ రైతుకు ధైర్యం తక్కువ లేదు. ఆయన చేతిలో లేనివి గాలి, జంట మనిషి, బయట పలక పట్టుకుని నిలబడే మనిషి. ఆ మూడూ ఉన్నవాడికే మండే ఇంట్లోకి వెళ్ళే హక్కు ఉంది. అతడు కూడా గడప దాటేముందే తిరిగి రావలసిన నిమిషాన్ని లెక్కకట్టుకుని మరీ వెళతాడు.